సొంత బండి లేని పీజీ విద్యార్థికి వారాంతపు ప్రయాణాలు: నెల్లూరు నుంచి వెళ్లి రాత్రికి హాస్టలు చేరేలా ఎక్కడెక్కడికి?

పొదిలి_కుర్రాడు
కాకుటూరులో హాస్టల్లో ఉంటూ సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది పొదిలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం తరగతులు, మధ్యాహ్నం ప్రయోగశాల, రాత్రి రికార్డులు, వీటితోనే గడిచిపోతుంది. శుక్రవారం రాత్రే బట్టలు ఉతికి ఆరేసుకుంటే ఇక శని, ఆదివారాలు నావే. రెండేళ్లపాటు ఇక్కడ ఉండబోతున్నాను కాబట్టి ఈ చుట్టుపక్కల ప్రాంతాన్ని శ్రద్ధగా చూడాలని కోరిక. అయితే ఎవరిని అడిగినా కారు ఉన్నవారికి పనికొచ్చే సలహాలే చెబుతున్నారు. జొన్నవాడ, నరసింహకొండ, సోమశిల, పెంచలకోన అన్నీ ఒకే రోజులో చుట్టి రావచ్చు అంటారు తప్ప, బస్సు దిగాక ఎంత దూరం నడవాలో, తిరుగు బస్సు ఎప్పటిదాకా ఉంటుందో ఒక్కరూ చెప్పరు. మా హాస్టలు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు. నెల ఖర్చులు పోను ప్రయాణాలకు మిగిలేది కొద్ది మొత్తమే. ఆదివారం మధ్యాహ్నం మెస్సులో కోడికూర వడ్డిస్తారు కనుక గదిలోని మిత్రులు దాన్ని వదులుకుని రారు. అందుచేత ఎక్కువసార్లు ఒంటరిగానే వెళ్లవలసి ఉంటుంది. చదువుకునే రోజుల్లో ఇలా బస్సుల్లో, రైళ్లలో తిరిగినవారు ఉంటే దయచేసి చెప్పండి.

పెన్నగట్టు
దూరాలకు తొందరపడకండి. మొదటి కొన్ని నెలలు నెల్లూరు చుట్టూ ఇరవై, ముప్పై కిలోమీటర్ల లోపలే తిరగండి. నేను చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఏళ్ల తరబడి నెల్లూరులో చదువుకుని వెళ్లిన విద్యార్థులు పల్లిపాడు పేరు కూడా వినకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. పెన్న ఒడ్డున ఇందుకూరుపేట మండలంలో ఉన్న ఆ ఊళ్లో పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీ స్వయంగా ప్రారంభించారు. దానికి స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ గారు. నెల్లూరులోని కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించింది కూడా ఆమే. మైపాడు కూడా అదే మండలంలో ఉంది కాబట్టి ఉదయం సముద్రం, మధ్యాహ్నం ఆశ్రమం, సాయంత్రం ఊళ్లోకి వచ్చి రంగనాయకుల గుడి వెనక పెన్న చూసుకుంటే మీ ఆదివారం నిండుతుంది. ఖర్చు బస్సు ఛార్జీలే.

మైపాడు_అల
పెన్నగట్టు గారు చెప్పిన వరుస బాగుంది కానీ మైపాడుకు అందరిలా సాయంత్రం కాకుండా తెల్లవారుజామున వెళ్లాలి. మీరు చదివేది సముద్ర జీవశాస్త్రం అన్నారు కనుక ఇది కాస్త వివరంగా రాస్తున్నాను. మా తీరంలో అలివి వల లాగుతారు. పడవలో వలను సముద్రంలోకి తీసుకెళ్లి చుట్టూ వేసుకుంటూ వచ్చి, రెండు వైపుల మోకులను ఒడ్డు మీది మనుషులకు అందిస్తారు. రెండు జట్లు వెనక్కి నడుస్తూ, పదం పాడుకుంటూ, మెల్లగా ఒకరికొకరు దగ్గరవుతూ లాగుతారు. చివరన వల సంచి ఇసుక మీదికి వచ్చేసరికి అందులో కవళ్లు, చిన్న రొయ్యలు, పీతలు, జెల్లీచేపలు, మీ పుస్తకాల్లో బొమ్మలుగా మాత్రమే చూసే చిన్న చిన్న జీవులు అన్నీ కలిసి ఉంటాయి. అమ్ముడుపోయేవి బుట్టల్లోకి వెళ్లాక మిగిలినవాటిని చూస్తామని అడిగితే మావాళ్లు కాదనరు. పేర్లు కూడా చెబుతారు. ఒక చేతి సాయం మోకు మీద వేస్తే ఇంకా సంతోషిస్తారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈత వచ్చినా సరే, నడుము లోతు దాటి దిగవద్దు. మైపాడు దగ్గర లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. సెలవు రోజుల్లో కళాశాల పిల్లలే ఎక్కువగా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఆ శవాలను వెతకడానికి పడవలు తీసేది మేమే.

పొదిలి_కుర్రాడు
@మైపాడు_అల, నాకు కావలసింది ఇదే. ఏప్రిల్, మే నెలల్లో కూడా వల లాగుతారా? చేపల వేట నిషేధం ఉంటుందని తరగతిలో చెప్పారు.

మైపాడు_అల
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకు, ఇంజను పడవలకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. తెడ్డు వేసుకుని వెళ్లే సంప్రదాయ పడవలకు వర్తించదు కానీ ఆ రోజుల్లో సందడి తక్కువ. మీరు జనవరి, ఫిబ్రవరిలో రండి. ఆ కాలంలో సముద్ర తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఉదయం వెళ్తే ఇసుక మీద వాటి జాడ కనిపిస్తుంది.

బండి_బాబు
నాకు ఈ సలహాలు నచ్చలేదు. బస్సు కోసం ఎదురుచూడటంలోనే సగం రోజు పోతుంది. మిత్రుడి దగ్గర మోటారుసైకిలు తీసుకుని ఇద్దరు కలిసి పెట్రోలు ఖర్చు పంచుకుంటే భైరవకోన కూడా ఒక్క రోజులో అవుతుంది. నేను చదివే రోజుల్లో అలాగే తిరిగాను. భైరవకోనను బస్సులో వెళ్లి చూసి రాత్రి తొమ్మిదికి కాకుటూరు చేరిన మనిషి ఉంటే చూపించండి.

ఉదయగిరి_కోట
@బండి_బాబు, భైరవకోన విషయంలో మీరు చెప్పింది నిజమే. నెల్లూరు నుంచి బస్సులో ఒక్క రోజులో అది సాధ్యం కాదు. అయితే అరువు తెచ్చుకున్న బండి మీద, లారీలు తిరిగే జాతీయ రహదారి పట్టుకుని రాత్రి చీకటిలో తిరిగి రమ్మని ఒక విద్యార్థికి చెప్పడం నాకు సమ్మతం కాదు. ప్రమాదం జరిగితే బండి యజమానికీ బీమాకీ మధ్య ఆ కుటుంబం నలిగిపోవడం మా వీధిలో చూశాను. కార్తీక పౌర్ణమికి భైరవకోనకు యాత్రికులు బాగా వస్తారు. ఆ సమయంలో కనిగిరి వైపు బంధువులో మిత్రులో ఉంటే ముందురోజు వాళ్లింట్లో ఉండి వెళ్లడం మంచి పద్ధతి. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే పైనుంచి దూకే జలపాతం. అంత దూరం వెళ్లి అరగంటలో చూసి పరుగెత్తుకు రావలసిన చోటు కాదది.

మా ఉదయగిరి అయితే బస్సులో వచ్చి వెళ్లవచ్చు. నెల్లూరు నుంచి సుమారు 100 కిలోమీటర్లు. ఆత్మకూరు మీదుగా రావాలి. మొదటి బస్సుల్లో బయలుదేరితేనే ఎండ ముదరకముందు కొండ ఎక్కగలరు. ఈ కోట గజపతుల చేతిలో ఉండగా శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి, ఏడాదికి పైగా పట్టు విడవకుండా ఉండి, 1514లో స్వాధీనం చేసుకున్నారు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకువెళ్లి, దాని కోసమే అక్కడ కృష్ణాలయం కట్టించారు. పైకి ఎక్కి చుట్టూ ఉన్న కొండల వరుస చూస్తే అంత కాలం ఎందుకు పట్టిందో ఎవరూ వివరించనవసరం లేదు. దిగి వచ్చాక చెక్క చెంచాలు, గరిటెలు చేసే ఇళ్లకు వెళ్లండి. ఆకురాయితో పిడి అంచును అరగదీసి, వేలితో తడిమి, మళ్లీ అరగదీస్తారు. ఆ పని చేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. చిన్న చెంచా ఒకటి కొన్నా మీ ఖర్చుకు భారం కాదు.

సింహపురి_శారద
ఇక్కడ అందరూ అబ్బాయిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నారు. నేను కూడా నెల్లూరులో పీజీ చదువుతున్నాను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక మా ఆదివారాలు మారిపోయాయి. అంతకుముందు నెలకు ఒక ప్రయాణానికి కూడా వెనకాడేవాళ్లం. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరాల్లో అయితే ఆర్డినరీ, మెట్రో బస్సులకే ఇది వర్తిస్తుంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. సూపర్ లగ్జరీ ఎక్కితే మామూలు ఛార్జీ చెల్లించాలి.

డబ్బు సమస్య తీరినా మాకు వేరే ఇబ్బందులు మిగిలే ఉన్నాయి. మా హాస్టలుకు రావలసిన సమయం అబ్బాయిల కంటే ముందు. దిగిన చోట మరుగుదొడ్డి ఉంటుందా, సాయంత్రం బస్సు తప్పిపోతే ఎవరి దగ్గర కూర్చోవచ్చు అన్నవి ముందే ఆలోచించుకోవాలి. అందుకే మేము ఎక్కువగా గుళ్లున్న చోట్లకు వెళ్తాం. జొన్నవాడ కామాక్షమ్మ గుడి మాకు అన్నిటికంటే అనువుగా ఉంటుంది. బస్సులు దొరుకుతాయి, నీళ్లు, నీడ ఉంటాయి, పెన్న ఒడ్డున ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. చోట్ల గురించి సలహా ఇచ్చేవారు ఈ వివరాలు కూడా రాస్తే మాలాంటివారికి ఉపకారం చేసినవారవుతారు.

పెన్నగట్టు
శారదమ్మ చెప్పినది నేను ఆలోచించవలసిన విషయమే. ఇకపై ఆ వివరాలు కూడా కనుక్కునే రాస్తాను.

పక్షిగూడు
సముద్ర జీవశాస్త్రం విద్యార్థికి నేలపట్టు పక్షుల కేంద్రం గురించి చెప్పకుండా ఇంతదూరం వచ్చారు! నెల్లూరు, గూడూరు మీదుగా సూళ్లూరుపేట వైపు వెళ్లే మెమూ రైలెక్కి దొరవారిసత్రం స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి ఆటో దొరుకుతుంది, ఓపిక ఉంటే నడవవచ్చు. 2022 విభజనలో అది తిరుపతి జిల్లాకు వెళ్లింది కానీ మీకు రైల్లో దగ్గరే. చెరువులో నీళ్లలో నిలబడిన కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితేనే అవి గూళ్లకు దిగుతాయి. వాన ఆలస్యమైన ఏడు పక్షులూ ఆలస్యంగానే వస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్తే పిల్లలను చూడవచ్చు. తల్లి గూటికి వచ్చి నోరు తెరవగానే, పిల్ల తన తల మొత్తం ఆ ముక్కు సంచిలోకి దూర్చి లోపలి చేపను తీసుకుంటుంది. మొదటిసారి చూసినవారు పిల్ల మింగబడిందేమోనని కంగారు పడతారు. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు అవే చెట్లను పంచుకుంటాయి.

చెట్ల ఆకులు రెట్టలతో సున్నం వేసినట్టు తెల్లబడి ఉంటాయి. ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలమని ఊరివారు ఆ పక్షులను తరతరాలుగా కాపాడుతున్నారు. చెరువు కట్ట మీద వారు మాట్లాడే గొంతు కూడా తగ్గించడం గమనించండి. ఎర్ర చొక్కా వేసుకుని, పాటలు పెట్టుకుని వెళ్లేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

బండి_బాబు
నేలపట్టులో రాజహంసలు (ఫ్లెమింగోలు) కూడా చూడవచ్చు కదా? ఏటా పండుగ కూడా చేస్తారు.

పక్షిగూడు
రాజహంసలు చెట్లమీద ఉండేవి కావు. లోతు తక్కువగా ఉండే ఉప్పునీటిలో నడుస్తూ, తలకిందులుగా ముక్కు ముంచి బురదనీటిని వడగట్టుకుని తింటాయి. వాటి కోసం పులికాట్‌కే వెళ్లాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. నీరు తగినంత ఉన్నప్పుడు ఆ రోడ్డుకు రెండు వైపులా వాటి గుంపులు కనిపిస్తాయి. ఫ్లెమింగో పండుగ రోజుల్లో జనం ఎక్కువ. చదువు కోసం చూసేవారు ఆ తరువాతి వారం వెళ్లడం మేలు.

ఒంగోలు_రైలు
బస్సుల గురించే ఎక్కువగా మాట్లాడారు. నేను ఒంగోలులో ఉంటూ నెల్లూరులో పరిశోధన చేస్తున్నాను. నా వారాంతాలన్నీ ఈ రైలు మార్గం మీదనే సాగుతాయి. రైలుకు ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే ప్రయాణంలోనే సగం రికార్డు పని పూర్తవుతుంది. కూర్చోవడానికి చోటు దొరికితే ఒళ్లో అట్ట పెట్టుకుని రాసుకోవచ్చు. దారిలో బిట్రగుంట దగ్గర తల ఎత్తి చూడండి. ఆవిరి ఇంజన్ల కాలంలో పేరున్న లోకోషెడ్డు అక్కడిదే. ఊరు ఊరంతా రైల్వే కోసమే పుట్టింది.

ఒక్క చోటే చెప్పమంటే వేటపాలెం చెబుతాను. రైలు దిగి ఊళ్లోకి వెళ్తే సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1918లో మొదలైంది. వంద ఏళ్ల నాటి తెలుగు పత్రికల సంపుటాలు అక్కడ ఇప్పటికీ చేతికి ఇస్తారు. కాగితం పొడిపొడిగా రాలిపోయే స్థితిలో ఉంటుంది కనుక పుట మూల పట్టుకుని లాగకుండా, అరచేయి కిందికి జార్చి తిప్పాలని అక్కడి ఉద్యోగి నాకు నేర్పారు. ఇక చినగంజాం దగ్గరి మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అక్కడ ఉంది. తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు సొంతం చేసుకునేవారని, తాను మాత్రం నియమించిన సుంకం తప్ప మరేదీ తీసుకోనని సముద్ర వర్తకులకు ఇచ్చిన మాట అది. ఆ తరువాత మార్కోపోలో వచ్చిన రేవు ఇదే. ఇప్పుడు ఆ రెండు ఊళ్లూ బాపట్ల జిల్లాలో ఉన్నాయి. సముద్రం చదువుకునేవారు రేవు చరిత్ర కూడా తెలుసుకోవాలి.

పొదిలి_కుర్రాడు
@ఒంగోలు_రైలు, గ్రంథాలయం శనివారం తెరిచి ఉంటుందా? ఒక్కణ్ణే వెళ్తే లోపలికి రానిస్తారా?

ఒంగోలు_రైలు
చదువుకోవడానికి వచ్చానని చెప్తే ఆదరంగా చూస్తారు. వారపు సెలవు మారుతుందేమో, బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోండి. విద్యార్థి గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి.

పలక_బలపం
మాది మార్కాపురం. మా అబ్బాయి కూడా ఇంటికి దూరంగా పీజీ చదువుతున్నాడు. అందువల్ల ఒక తండ్రిగా రాస్తున్నాను. ఈ చర్చ మొదటి నుంచి చదివాను, ఇల్లు అన్న మాట ఎవరూ ఎత్తలేదు. సెలవు దొరికినప్పుడల్లా ఎక్కడెక్కడికో వెళ్లడం సరే, ఇంట్లో ఎదురుచూసేవారి సంగతి ఏమిటి? వాళ్లమ్మ శనివారం మధ్యాహ్నం నుంచి వీధి వైపు చూస్తూ ఉంటుంది. రాలేనని ఫోను వచ్చాక నానబెట్టిన పప్పును ఆదివారం మాకే అట్లు పోస్తుంది. ఊళ్లు ఎప్పుడైనా చూడవచ్చు.

సింహపురి_శారద
బాబాయి గారూ, మీ బాధ అర్థమవుతోంది. కానీ ఉద్యోగం వచ్చి హైదరాబాదో బెంగళూరో వెళ్లాక మా ఊళ్ల చుట్టూ ఉన్నవాటిని చూడటానికి తిరిగి వచ్చేదెవరు? మా అక్క అలాగే అనుకుని నాలుగేళ్లు చదివి వెళ్లిపోయింది, రొట్టెల పండుగ కూడా చూడలేదు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో లక్షలమంది నిలబడి రొట్టెలు మార్చుకుంటుంటే, విద్యా రొట్టె కోసం వచ్చిన పిల్లలను చూసి నేను ఎంతో నేర్చుకున్నాను. అది ఆ పూట అక్కడ ఉంటేనే తెలుస్తుంది.

పలక_బలపం
@సింహపురి_శారద, వద్దని అనడం లేదమ్మా. ఇంటికి వచ్చే దారిలోనూ చూడవలసినవి ఉన్నాయని నా ఉద్దేశం. పొదిలి అబ్బాయి ఇంటికి వస్తే మార్కాపురం ఎంత దూరం? పలకలు కోసే షెడ్లకు నేనే తీసుకువెళ్తాను. గనిలోంచి తెచ్చిన రాతిని ఉలితో అంచున చిన్నగా తడితే పుస్తకం పుటల్లా పొరలు విడిపోతుంది. ఇంకొంచెం ముందుకు వెళ్తే కంభం చెరువు. గుండ్లకమ్మను రెండు కొండల మధ్య కట్టకట్టి ఆపిన చెరువు అది. విజయనగర కాలం నాటి కట్ట ఇప్పటికీ పొలాలకు నీళ్లు ఇస్తోంది. స్నేహితులను కూడా తీసుకురమ్మనండి. ఆదివారం కోడికూర మా ఇంట్లోనూ వండుతారు.

పొదిలి_కుర్రాడు
మీ మాట మనసుకు తగిలింది. నెలకు ఒక వారం ఇంటికి, మిగిలినవి ప్రయాణాలకు అని ఇప్పటిదాకా విడదీసి లెక్క వేసుకున్నాను. రెండూ కలిసే దారి ఏదైనా ఉందా? నెల్లూరు నుంచి పొదిలి వెళ్లే దారిలో దిగి చూడదగినవి?

కందుకూరు_వాసి
ఉంది, మాలకొండ. వలేటివారిపాలెం మండలంలో కొండమీద మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి. వారంలో ఒక్క శనివారమే తెరుస్తారు. మిగిలిన ఆరు రోజులూ దేవతలు, రుషులు పూజ చేసుకుంటారని నమ్మకం. ఆదివారం వచ్చి మూసిన తలుపులు చూసి వెనుదిరిగిన దూరప్రాంతాలవారిని చాలామందిని చూశాను కనుక ఇది ముందే చెబుతున్నాను. స్వామిని చూశాక పైన అమ్మవారి దగ్గరకు వెళ్లాలంటే పెద్ద బండరాళ్ల మధ్య సన్నని సందులోంచి దూరి పోవాలి. ఎంతటివారైనా పక్కకు తిరిగి నడవవలసిందే. శనివారం కందుకూరు నుంచి కొండకు బస్సులు నడుస్తాయి. శారద గారు అడిగిన వివరాలు కూడా రాస్తున్నాను: ఆ రోజు జనం ఉంటారు కాబట్టి ఒంటరిగా వచ్చిన ఆడపిల్లలకు భయం లేదు, దుకాణాలు, తాగునీరు దొరుకుతాయి. మరుగుదొడ్లు కందుకూరు బస్టాండులోనే చూసుకుని బయలుదేరడం మంచిది. నెల్లూరు నుంచి ఉదయాన్నే కందుకూరు వచ్చి, మాలకొండ చూసుకుని, తిరిగి కందుకూరులో పొదిలి బస్సు ఎక్కితే శనివారం రాత్రికి ఇంట్లో ఉంటారు. హాస్టలు గేటు బెంగ లేదు.

పలక_బలపం
ఇది బాగుంది. ఆదివారం సాయంత్రం దాకా అమ్మ దగ్గర ఉండవచ్చు.

పొదిలి_కుర్రాడు
వచ్చే శనివారమే వెళ్తాను. కొండ దిగేసరికి ఎన్ని గంటలైతే పొదిలి బస్సు అందుతుంది?

కందుకూరు_వాసి
చీకటి పడకముందే కందుకూరు చేరేలా చూసుకోండి. సాయంత్రం పొద్దు వాలాక కొండ దగ్గర బస్సులు కిక్కిరిసిపోతాయి, నిలబడటానికి కూడా చోటు దొరకదు. మూడు గంటలకల్లా కొండ దిగండి. బస్టాండులో విచారణ కిటికీ దగ్గర పొదిలి బస్సు సమయం ఉదయమే అడిగి రాసుకోండి, శనివారాల్లో అటూ ఇటూ అవుతుంటాయి. చెప్పులు కింద వదిలి ఎక్కుతారు కనుక మధ్యాహ్నం రాయి కాళ్లు కాలుస్తుంది. పదింటికల్లా పైకి చేరితే ఇబ్బంది ఉండదు.

సింహపురి_శారద
@పొదిలి_కుర్రాడు, వెళ్లి వచ్చాక బస్సు సమయాలు, ఛార్జీ ఇక్కడే రాయండి. ఆ తరువాతి శనివారం మేము నలుగురం వెళ్తాం.